ఉదయ ప్రార్థనకు రాత్రి వేసే తోడు



క్రైస్తవ గృహాల్లో ‘ఉదయ ప్రార్థన’ అనే మాట రెండు అర్థాల్లో వినిపిస్తుంది. ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక కీర్తన పాడి, వాక్యం చదువుకుని, ఇంటి పెద్ద చేసే ప్రార్థనతో ముగించేది కుటుంబ ప్రార్థన. ఎవరికి వారు ఒక మూల చేరి, దేవుని సన్నిధిలో ఒంటరిగా గడిపేది ఏకాంత ప్రార్థన. ఈ ప్రసంగం ముఖ్యంగా రెండవదాని గురించి. ఎందుకంటే కుటుంబ ప్రార్థన తప్పితే ఇంట్లో ఎవరో ఒకరు అడుగుతారు. ఏకాంత ప్రార్థన తప్పిన సంగతి మాత్రం తప్పినవారికి తప్ప మరెవరికీ తెలియదు.

ఎందుకు తప్పుతోందని అడిగితే వచ్చే జవాబు అందరికీ తెలిసినదే: తీరిక లేదు. ఈ జవాబును సోమరితనమని కొట్టిపారేసే బోధకులు ఉన్నారు గాని, అది న్యాయం కాదు. అయిదున్నరకు కుళాయి వస్తుంది, అది ఆగిపోయేలోగా బిందెలూ డ్రమ్ములూ నింపుకోవాలి. ఆరింటికి పాల ప్యాకెట్లు, ఆరున్నరకు కుక్కరు కూతలు, ఏడింటికి మూడు రకాల క్యారేజీలు, ఏడుంబావుకు సందు మొదట్లో బడి బస్సు హారను. ఇంత ఇరుకైన ఉదయంలో ప్రార్థనకు చోటు వెతకడం కిక్కిరిసిన బస్సులో సీటు వెతకడం వంటిది. దారి మధ్యలో ఎక్కినవారికి సీటు దొరకదు. బస్సు బయలుదేరే చోట ఎక్కినవారికి దొరుకుతుంది. అందువల్ల ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటి ఉంది. దినం అనే ఈ బస్సు అసలు ఎక్కడ బయలుదేరుతుంది?

బైబిలు లెక్క ప్రకారం అది సాయంకాలం బయలుదేరుతుంది. ఆదికాండం మొదటి అధ్యాయంలో సృష్టి దినాలను లెక్కించిన ప్రతిచోటా సాయంకాలం ముందు వస్తుంది, ఉదయం తరువాత వస్తుంది. యూదులు నేటికీ దినాన్ని సూర్యాస్తమయం నుంచి సూర్యాస్తమయం వరకు లెక్కిస్తారు. వారి విశ్రాంతి దినం శనివారం తెల్లవారినప్పుడు కాక, శుక్రవారం పొద్దు గూకినప్పుడే మొదలవుతుంది. ఈ లెక్కను కొంచెం నిదానంగా ఆలోచిస్తే ఒక సంగతి తేటపడుతుంది. రాత్రి నిద్ర గడిచిన దినానికి ముగింపు కాదు, రాబోయే దినానికి ఆరంభం. మంచం దిగేసరికి దినం సగం దూరం వచ్చేసింది. అప్పుడు ప్రార్థనకు సీటు వెతికితే దొరకకపోవడంలో ఆశ్చర్యం ఏముంది?

కాబట్టి ఈ ప్రసంగం చెప్పదలచిన మాట ఒక్కటే. ఉదయ ప్రార్థనకు సమయం ఉదయాన దొరకదు. ముందు రాత్రే ఏర్పడుతుంది. తెలుగు వంటిల్లు ఈ సూత్రాన్ని ఎవరూ నేర్పకుండానే పాటిస్తోంది. పొద్దున్నే పెరుగు కావాలంటే రాత్రి పాలు తోడు వేయాలి. అందుకు పెద్ద శ్రమ అక్కరలేదు: పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడు చెంచాడు పెరుగు కలిపి, మూత పెట్టి, కదపకుండా ఉంచితే, ఇల్లంతా నిద్రపోతుండగా గిన్నెలో జరగవలసిన పని జరిగిపోతుంది. రాత్రి మరిచిపోయినవారు పొద్దున లేచి గిన్నెడు పెరుగు గుమ్మరించినా గంటలో పాలు తోడుకోవు. ఉదయ ప్రార్థన విషయంలో చాలామంది చేస్తున్నది ఇదే. రాత్రి వేయవలసిన చెంచాడు తోడు వేయకుండా, ఉదయాన పట్టుదలను గిన్నెలతో గుమ్మరిస్తున్నారు.

ఇది వంటింటి పోలిక మాత్రమే కాదు, లేఖనంలోనూ దీనికి ఆధారం ఉంది. అయిదవ కీర్తన మూడవ వచనంలో కీర్తనకారుడు ఉదయాన దేవుని ఎదుట తన మనవిని సిద్ధపరచి కనిపెట్టుకుని ఉంటానంటాడు. అక్కడ హీబ్రూ మూలంలో ఉన్న క్రియ ‘ఆరక్’. వస్తువులను పద్ధతిగా, వరుసగా అమర్చడం దాని అర్థం. అబ్రాహాము బలిపీఠం మీద కట్టెలు పేర్చిన సందర్భంలో ఇదే క్రియ కనిపిస్తుంది. ఇరవై మూడవ కీర్తనలో శత్రువుల ఎదుట భోజనపు బల్ల సిద్ధపరచిన చోటా ఇదే కనిపిస్తుంది. ఇంకో విశేషమేమంటే, అయిదవ కీర్తనలో ఏమి అమరుస్తాడో మూలం స్పష్టంగా చెప్పదు. ‘ప్రార్థన’ అనే మాట అనువాదకులు సందర్భాన్ని బట్టి పూరించినది. మూలంలో ఉన్నది అమర్చడం, ఆ తరువాత కావలివానిలా ఎదురుచూడడం, అంతే. కట్టెలు పేర్చాలంటే కట్టెలు ముందే కొట్టి ఉండాలి. బల్ల అమర్చాలంటే వంట ముందే అయి ఉండాలి.

లేవీయకాండం ఆరవ అధ్యాయంలోని దహనబలి విధి ఈ భావాన్ని మరింత దగ్గరగా చూపిస్తుంది. బలిపీఠం మీద నిప్పు రాత్రంతా ఆరకుండా ఉండాలి. ఉదయాన యాజకుడు బూడిద ఎత్తి, ఆ నిప్పు మీద కొత్త కట్టెలు వేయాలి. అంటే ఆ యాజకుడు ప్రతి ఉదయం కొత్తగా నిప్పు రాజేయడు, నివురు గప్పిన నిప్పును తిరిగి మండిస్తాడు. అగ్గిపెట్టెలు లేని రోజుల్లో పల్లెటూరి ఇల్లాళ్ళు పిడక మీద బూడిద కప్పి రాత్రంతా నిప్పు దాచుకున్న పద్ధతి ఎరిగినవారికి ఈ విధిని వేరుగా వివరించనక్కరలేదు.

యేసు ప్రభువు ఉదయ ప్రార్థన గురించి మార్కు సువార్త మొదటి అధ్యాయం ముప్పై అయిదవ వచనం చెబుతుంది. ఆ వచనాన్ని విడిగా ప్రసంగించడం సంఘాల్లో అలవాటు. ముందు వెనకలతో కలిపి చదివితేనే దాని బరువు తెలుస్తుంది. ముందు రోజు కపెర్నహూములో విశ్రాంతి దినం. సమాజమందిరంలో బోధ, అక్కడే ఒక దయ్యం పట్టినవాని విడుదల, తరువాత సీమోను ఇంట్లో అతని అత్తకు జ్వరం. పొద్దు గూకి విశ్రాంతి దినం ముగిసిందో లేదో, అంతవరకు ఆగిన ఊరు ఊరంతా రోగులను మోసుకుని వాకిట చేరింది. అటువంటి రాత్రి గడిచాక, ఇంకా చీకటి ఉండగానే ఆయన లేచి అరణ్య ప్రదేశానికి వెళ్ళి ప్రార్థించాడు. సీమోనూ అతనితో ఉన్నవారూ వెతుక్కుంటూ వచ్చి అందరూ ఎదురుచూస్తున్నారని చెప్పినప్పుడు, ఆయన ఆ జనం దగ్గరికి తిరిగి పోక, చుట్టుపక్కల గ్రామాలకు వెళ్దామన్నాడు. ఆనాటి పని ఏమిటో వాకిట్లో నిలిచిన జనం నిర్ణయించలేదు, చీకటిలో జరిగిన ప్రార్థన నిర్ణయించింది. తీరిక ఉన్న రోజు కాదది. తీరిక ఏమాత్రం లేని రోజు మరునాడు.

ఇక రాత్రి వేయవలసిన ఆ చెంచాడు తోడు ఏమిటన్నది ఆచరణలో చూడాలి. పడుకోబోయే ముందు బైబిలు తెరిచి, మరునాడు చదవవలసిన భాగం దగ్గర గుర్తు నాడా పెట్టి, పుస్తకాన్ని కూర్చోబోయే చోటే ఉంచడం అందులో మొదటిది. ఇది చాలా చిన్న పని. కాని ఉదయాన ఏమి చదవాలా అని పేజీలు తిప్పుతూ పోయే అయిదు నిమిషాలు దీనివల్ల మిగులుతాయి. ఉన్నదే పదిహేను నిమిషాలైనప్పుడు అయిదు నిమిషాలంటే మూడోవంతు. కళ్ళజోడు అవసరమైనవారు దాన్ని కూడా ఆ పుస్తకం మీదే పెట్టుకోవడం మంచిది. ఎవరి కోసం ప్రార్థించాలో ఒక చిన్న చీటీ మీద రాసి అదే పేజీలో పెట్టుకోవచ్చు: పెద్దమ్మ మోకాలి ఆపరేషను, పెద్దవాడి ఇంటరు పరీక్షలు, గోడ విషయంలో పక్కింటివారితో వచ్చిన మాటామాటా. మూడు పేర్లు చాలు. రాత్రి రాసుకున్న మూడు పేర్లు ఉదయాన మగత కళ్ళతో గుర్తు తెచ్చుకోబోయే ముప్పై పేర్లకన్నా నయం.

రెండవ పని కొంచెం కష్టం. ఫోనును తలగడ దగ్గర నుంచి తీసి మరో గదిలో ఉంచాలి.

పూర్వం ప్రార్థన వేళను గంట తెలిపేది. కతోలిక విచారణల్లో త్రికాల జపానికి ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం గుడి గంట మోగే ఆచారం ఉంది. ఆ గంట ఊరంతటిదీ కాబట్టి, వేళను ఎవరికి వారు నిర్ణయించుకోవలసిన బాధ ఉండదు. ఇప్పుడు చాలా ఇళ్ళలో ఆ గంట స్థానం ఫోను అలారం తీసుకుంది. అయితే గంట మోగి ఊరుకుంటుంది. ఫోను మోగి ఊరుకోదు. అలారం ఆపిన బొటనవేలు పక్కనే ఉన్న వాట్సాప్‌లోకి జారుతుంది. అక్కడ గులాబీ పువ్వు పక్కన ఒక వాక్యం, కింద శుభోదయం, సంఘం గ్రూపులో ఒకటి, బంధువుల గ్రూపులో మరొకటి, వాటికి జోడించిన చేతుల బొమ్మతో జవాబులు. ఇరవై నిమిషాలు గడిచాక లేచినవారికి దేవుని మాటల మధ్యే ఉన్నామన్న తృప్తి కూడా కలుగుతుంది, అసలు ప్రమాదం ఆ తృప్తిలోనే ఉంది. వాక్యం ఉన్న బొమ్మను పదిమందికి పంపడం ప్రార్థన కాదు. అది ప్రార్థనకు ఆహ్వాన పత్రిక మాత్రమే. ఆహ్వాన పత్రికలు పంచినంత మాత్రాన పెళ్ళి అయిపోదు కదా. అలారం తప్పనిసరి అనుకునేవారు పాత గడియారం అలారమే వాడుకోవచ్చు, లేదా ఫోనును హాల్లో చార్జింగుకు పెట్టి, దాన్ని ఆపడానికి మంచం దిగక తప్పని స్థితి కల్పించుకోవచ్చు.

ఆ పదిహేను నిమిషాల్లో చేయవలసిందేమిటన్న ప్రశ్నకు మతసంస్కర్త మార్టిన్ లూథర్ ఒక క్షురకునికి ఇచ్చిన జవాబు నేటికీ పనికివస్తుంది. విట్టెన్‌బర్గులో లూథరుకు క్షౌరం చేసే పీటర్ అనే వ్యక్తి ప్రార్థన చేయడమెలాగో చెప్పమని అడిగితే, లూథర్ 1535లో అతని కోసం ఒక చిన్న పుస్తకం రాసి అచ్చు వేయించాడు. ఉదయాన ప్రార్థనే మొదటి పని కావాలని, ముందు ఈ పని, ఆ పని ముగించి గంట తరువాత ప్రార్థిద్దామనే ఆలోచనను నమ్మవద్దని అందులో హెచ్చరించాడు. పోలిక కూడా అతని వృత్తి నుంచే తీసుకున్నాడు. మంచి క్షురకుడు చూపును, మనసును కత్తి మీదే ఉంచుతాడు. కబుర్లలో పడి పక్కకు చూస్తే ఎదుటివాని ముక్కో నోరో గొంతో తెగుతుంది. ప్రార్థనకూ అంత ధ్యాస కావాలన్నాడు.

ఆ పుస్తకంలోని పద్ధతిని లూథర్ నాలుగు పేటల దండతో పోల్చాడు. పది ఆజ్ఞల్లో ఒకదానిని తీసుకుని, అది నేర్పుతున్నదేమిటని అడగడం మొదటి పేట. అందుకు కృతజ్ఞత చెప్పడం రెండవ పేట. ఆ విషయంలో తన తప్పు ఒప్పుకోవడం మూడవ పేట. కావలసిన సహాయం అడగడం నాలుగవ పేట. ఆజ్ఞకు బదులు రాత్రి గుర్తు పెట్టుకున్న వచనాన్ని తీసుకున్నా దండ అల్లుకోవచ్చు. నేర్చుకోవడం, కృతజ్ఞత చెప్పడం, ఒప్పుకోవడం, అడగడం. తెలుగు ఇళ్ళలో ప్రార్థన ఎక్కువగా నాలుగవ పేటతో మొదలై నాలుగవ పేటతోనే ముగుస్తుంది. ఒకే పేట లాగితే తెగిపోవడం సహజం.

లూథర్ రోజుకు మూడు గంటలు ప్రార్థించేవాడని వేదికల మీద తరచుగా వినిపిస్తుంది. ఆ మాటకు ఆధారం ఉంది. 1530లో కోబుర్గు కోటలో అతనితో ఉన్న వైట్ డీట్రిచ్, లూథర్ రోజుకు కనీసం మూడు గంటలు, అదీ చదువుకు అనువైన గంటలు, ప్రార్థనలో గడుపుతున్నాడని తోటి సంస్కర్త మెలాంక్తన్‌కు రాశాడు. అయితే అప్పుడు లూథర్ ఉన్నది కోటలో. భార్య కాథరీనా విట్టెన్‌బర్గులో ఇల్లు నడుపుతోంది. కోటలో ఉన్న మనిషి కొలత మూడు గంటలు. దుకాణం తెరవవలసిన క్షురకునికి ఆ మనిషే ఇచ్చిన సలహా వేరు. మంచి ప్రార్థన సాగదీసినది కానక్కరలేదు, తరచుగాను మనసారాను చేసినదైతే చాలని ఆ చిన్న పుస్తకం అంటుంది. కోట కొలతతో వంటింటిని కొలిచి జనాన్ని నొప్పించడం మంచి బోధ కాదు.

వంటింటి మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి దాచకుండా చెప్పవలసి ఉంది. ఉదయ ప్రార్థన గురించి పుస్తకాలు రాసినవారిలో ఎక్కువమంది పొద్దున్నే పొయ్యి వెలిగించవలసిన అవసరం లేనివారు. ఇంటాయన హాల్లో మోకాళ్ళూని అరగంట ప్రార్థిస్తుంటే, ఇల్లాలు ఒక చెవి ఆ ప్రార్థనకూ ఒక చెవి కుక్కరు కూతకూ ఇచ్చి, ‘ఆమేన్’ అన్నచోట తనూ గరిటెతోనే ఆమేన్ అనే ఇళ్ళు చాలా ఉన్నాయి. లూకా సువార్త పదవ అధ్యాయంలో మార్త చేసిన ఫిర్యాదు పని ఎక్కువైందని కాదు, సోదరి తనను ఒంటరిగా పనికి విడిచిపెట్టిందని. ఆమె ఆందోళనను ప్రభువు సరిదిద్దాడు గాని, ఒంటరిగా విడిచిపెట్టడాన్ని మెచ్చుకున్నట్టు అక్కడ లేదు. కాబట్టి కుటుంబం ఉన్నవారి విషయంలో రాత్రి తోడు అంటే బైబిల్లో నాడా పెట్టుకోవడం మాత్రమే కాదు. ఇంటాయన రాత్రి కూరగాయలు తరగడం, పిల్లల యూనిఫారాలు ఇస్త్రీ చేయడం, నీళ్ళ సీసాలు నింపి పెట్టడం కూడా ఆ తోడులో భాగమే. ఉల్లిపాయలు రాత్రే తరిగి ఉంటే ఉదయాన ఇంటావిడకు పది నిమిషాలు మిగులుతాయి. ఆ పది నిమిషాలు ఆమె ప్రార్థన కోసం ఇంటాయన చేసిన విజ్ఞాపన అనవచ్చు.

పనే ప్రార్థన అయినప్పుడు వేరే సమయం ఎందుకన్న వాదన ఒకటి ఉంది. ఈ వాదానికి సాక్షిగా పదిహేడవ శతాబ్దపు పారిస్‌లో కార్మెలైటు మఠం వంటశాలలో పనిచేసిన బ్రదర్ లారెన్సును పిలుస్తారు. గిన్నెల మధ్యనే దేవుని సన్నిధిని అనుభవించిన భక్తుడాయన. సాక్షి మంచివాడే. కాని ఆయన వంట చేసింది గంట కొట్టి ప్రార్థనకు పిలిచే మఠంలో అన్న సంగతి ఈ వాదన మరిచిపోతుంది. నియమిత వేళలు చుట్టూ గోడలా ఉన్నచోట ఆయన వంటశాల ప్రార్థనాలయం అయింది.

రాత్రి డ్యూటీ చేసే నర్సులకు, కాపలాదారులకు, అమెరికా వేళల ప్రకారం హైదరాబాదులో పనిచేసే సాఫ్ట్‌వేరు ఉద్యోగులకు, గల్ఫు దేశాల్లో షిఫ్టుల్లో పనిచేస్తున్న తెలుగువారికి ఈ మాటలు వర్తిస్తాయా అంటే, వర్తిస్తాయి. వారికి నిద్ర లేచిన వేళే ఉదయం, నిద్రకు ముందు వేళే సాయంకాలం. తోడు వేయవలసింది అప్పుడే. రాత్రివేళ దేవుని మందిరంలో నిలిచి సేవ చేసేవారిని ప్రత్యేకంగా పిలిచే నూట ముప్పై నాలుగవ కీర్తన మూడే వచనాలు. ఆస్పత్రి వార్డులో రెండు గంటలకు టెంపరేచరు చూసి కుర్చీలో కూర్చున్న నర్సుకు ఆ మూడు వచనాలు చదివే వ్యవధి ఉంటుంది.

తెలుగు క్రైస్తవ చరిత్రలో బాగా తెలిసిన ఉదయ ప్రార్థన ఒంగోలులో జరిగింది. నెల్లూరు కేంద్రంగా పనిచేస్తున్న అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషనుకు అప్పటికి ఫలితం బహు స్వల్పం. దాన్ని మూసివేయాలా వద్దా అని 1853లో అమెరికాలో చర్చ కూడా నడిచింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున మిషనరీ లైమన్ జ్యూవెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి, ఆ ప్రాంతానికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో, అంటే పన్నెండేళ్ళ తరువాత. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను నేరుగా ఆ ఉదయానికి ముడిపెట్టి చెప్పడం ప్రసంగాల్లో పరిపాటి. మధ్యలో ఒక భయంకరమైన కరువు, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కూలీ దొరికిన ఆకలిగొన్న ప్రజలు, యెర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ భక్తుల ప్రయాణాలు ఉన్నాయి కాబట్టి, ఆ ముడి అంత సులభం కాదు. ఇక్కడ గమనించవలసింది అంతకన్నా చిన్న సంగతి. అయిదుగురు మనుషులు చీకట్లో ఒక చోట కలిసి, వెలుగు వచ్చే వేళకు కొండ మీద ఉన్నారంటే, అది ముందు రోజు అనుకోకుండా జరిగే పని కాదు. ఎవరో ఎవరితోనో రాత్రి మాట అనుకున్నారు. ఆ కొండను నేటికీ ప్రార్థన కొండ అనే పిలుస్తారు.

ఒక రోజు తప్పితే ఏమిటన్న దిగులు చాలామందిని మొత్తంగా మానేలా చేస్తుంది. నిర్గమకాండంలో మన్నా ఏ రోజుకు ఆ రోజు ఏరుకోవలసినది. ఎండ ముదిరితే కరిగిపోయేది, మరునాటికి దాచితే పురుగు పట్టేది. దీన్ని బట్టి నిన్నటి ప్రార్థన నేటికి సరిపోదని బోధిస్తారు, అది నిజమే. అదే నియమం ప్రకారం నిన్న తప్పిన ప్రార్థనను నేడు బాకీగా తీర్చవలసిన పని కూడా లేదు. ఏరుకోనివారికి మరునాడు రెట్టింపు ఏరమన్న ఆజ్ఞ ఎక్కడా కనబడదు. రెట్టింపు చెప్పింది విశ్రాంతి దినానికి ముందు రోజున, అది కూడా సిద్ధపాటు కోసం. మన్నాను దాచలేకపోయినా గిన్నెను కడిగి పెట్టుకోవచ్చు.

ఈ రాత్రికి అయిదవ కీర్తన సరిపోతుంది, అది పన్నెండే వచనాలు. శ్రోతలు పడుకోబోయే ముందు మూడవ వచనం దగ్గర నాడా పెట్టి, మూడు పేర్ల చీటీ అందులో ఉంచి, ఫోను హాల్లో చార్జింగుకు తగిలించి, పాలు గోరువెచ్చగా ఉన్నాయో లేదో వేలితో చూసి, చెంచాడు తోడు వేసి మూత పెట్టి, వంటింటి దీపం ఆర్పవచ్చు.